మునగడానికా, పడుకోడానికా? సీమ నుంచి దీవికి పోయేవాళ్ళు ముందు తేల్చుకోవాల్సింది

ఈ మధ్య అనంతపురంలో ఏ పెళ్ళికి పోయినా ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడుగుతున్నారు, "అన్నా, అండమాన్ మేలా, మాల్దీవులు మేలా? రిసార్ట్‌లో హాయిగా ఉండాలి, స్కూబా కూడా చేయాలి" అని. చిక్కంతా ఆ "కూడా" దగ్గరే ఉంది. డైవింగ్‌కు బాగుండే చోటు వేరు, ఏ పనీ పెట్టుకోకుండా ఇసుకలో కాళ్ళు చాపుకుని పడుకోడానికి బాగుండే చోటు వేరు. రెండూ ఒకేచోట దొరకవని కాదు, దొరుకుతాయి, కానీ ఆ బిల్లు వేరే లెక్కలో ఉంటుంది, పైగా మనకు దొరికే సెలవు అయిదారు రోజులే. అందుకే నేను తిరిగి అడిగేది ఒక్కటే: సెలవులో పొద్దున అయిదింటికి లేవగలరా?

నవ్వులాటకు అడగడం లేదు. డైవింగ్ సెలవు అసలు సెలవులా ఉండదు. అండమాన్‌లో ఆరు, ఆరున్నరకల్లా డైవ్ సెంటర్ దగ్గర ఉండమంటారు, తడి వెట్‌సూట్‌లోకి ఒళ్ళు దూర్చాలి, సిలిండరు, జాకెట్, సీసం బరువులు అన్నీ కలిపి ఇరవై కిలోలు వీపున వేసుకుని ఊగే పడవలో నిలబడాలి. మధ్యాహ్నం ఒడ్డుకొచ్చేసరికి ఆకలి, ఉప్పు, నిద్ర. రాత్రి మందు పార్టీ పెట్టుకుంటే మర్నాడు డైవ్ మానుకోవాల్సిందే, ఎందుకంటే ఒంట్లో నీళ్ళు తగ్గితే డికంప్రెషన్ జబ్బు (పైకి వచ్చాక ఒంట్లో చేరిన నైట్రోజన్ బుడగలు కట్టడం) వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇలాంటి రోజుల్లో మీ గదిలో బాత్‌టబ్ ఉందా, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందా అనేది ఎవరూ చూడరు, గది పడుకోడానికే. ఏ పనీ లేకుండా పడుకోవాలనుకునేవాళ్ళకు మాత్రం ఆ గదే సర్వం: తిండి, నీడ, నాలుగడుగులు వేస్తే నీళ్ళు, పక్కన డీజే లేకపోవడం.

కాబట్టి నా లెక్క సింపుల్. మునగడానికి పోయేవాళ్ళు గది మీద డబ్బు తగలేయొద్దు, మంచి ఇన్‌స్ట్రక్టర్ మీద పెట్టండి. పడుకోడానికి పోయేవాళ్ళు డైవ్ ప్యాకేజీ జోలికే పోవద్దు, గది మీద, తిండి మీద పెట్టండి. భార్యాభర్తల్లో ఒకరిది ఒక దారి, ఇంకొకరిది ఇంకో దారి అయితే (ఎక్కువ ఇళ్ళలో ఇదే కేసు) దానికి సరిపోయే చోట్లు వేరే ఉన్నాయి, కింద చెప్తాను.

ట్రై డైవా, కోర్సా

స్కూబా అని అందరూ ఒకే మాట అంటారు గానీ మీరు కొనేది రెండు రకాలు. మొదటిది ట్రై డైవ్. ఈత రాకపోయినా చేయొచ్చు, ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి మిమ్మల్ని పట్టుకునే ఉంటాడు, గరిష్ఠంగా 12 మీటర్ల లోతు, చాలాచోట్ల అంత కూడా తీసుకెళ్ళరు. ఒక్క పూటతో అయిపోతుంది. రెండోది ఓపెన్ వాటర్ కోర్సు. మూడు నాలుగు రోజులు పడుతుంది, 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీళ్ళ మీద తేలాలి, పదేళ్ళు నిండినవాళ్ళు ఎవరైనా చేరొచ్చు. పెద్దవాళ్ళు పాసైతే 18 మీటర్ల దాకా ఒక తోడుతో డైవ్ చేసే కార్డు ఇస్తారు, అది ప్రపంచంలో ఎక్కడైనా చెల్లుతుంది. పాఠాలు, క్విజ్‌లు ఆన్‌లైన్‌లో ఇంటి దగ్గరే పూర్తి చేసుకుని పోతే దీవిలో ఒక రోజు మిగులుతుంది. సముద్రం పక్కన కూర్చుని వీడియోలు చూడ్డానికి అంత దూరం పోవడం ఎందుకు?

అయిదు రోజుల సెలవులో కోర్సు పెట్టుకుంటే విశ్రాంతి అన్న మాట మర్చిపోండి. ట్రై డైవ్ అయితే ఒక పూట పోతుంది, మిగతాది మీదే. మొదటిసారి పోయే ఫ్యామిలీలకు నేను ట్రై డైవే చెప్తాను. నీళ్ళ కింద ఊపిరి పీల్చడం కొందరికి మొదటి నిమిషంలోనే నచ్చుతుంది, కొందరికి అస్సలు పడదు, అది ముప్పై వేలు కట్టాక తెలిస్తే బాధ.

ఇక్కడ మన వైపు వాళ్ళకు ఒక ప్రత్యేకమైన మాట. సీమ పల్లెల్లో నలభై దాటినవాళ్ళు చాలామంది ఈత నేర్చుకుంది బావిలోనే, నడుముకు బెండు కట్టుకుని గట్టు మీద నుంచి దూకి. కర్నూలు వాళ్ళకైతే తుంగభద్ర, కేసీ కాలువ ఉన్నాయి. ఈ బావి ఈతగాళ్ళకు ధైర్యం ఎక్కువ, ఊపిరి బిగబట్టి అడుక్కు పోయి మట్టి తీసుకొచ్చిన రికార్డులు ఉంటాయి. స్కూబాలో ఆ అలవాటే ప్రమాదం. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెండింతలు. అక్కడ సిలిండరు గాలి నిండుగా పీల్చి, బిగబట్టి పైకి వచ్చారనుకోండి, ఊపిరితిత్తుల్లోని గాలి రెండింతలు కావాలని చూస్తుంది, అవి చిరిగిపోయే ప్రమాదం ఉంది. బావిలో ఈ గొడవ లేదు, ఎందుకంటే అక్కడ మీరు పీల్చింది పైన గాలే, పైకి వస్తే మళ్ళీ అంతే అవుతుంది. అందుకే స్కూబాలో మొదటి సూత్రం ఊపిరి ఎప్పుడూ ఆపొద్దు అని. నన్నడిగితే ఈత అస్సలు రానివాళ్ళే ఈ విషయంలో ఇన్‌స్ట్రక్టర్ మాట బుద్ధిగా వింటారు.

ఇంకోటి, నీళ్ళలో బొటనవేలు పైకెత్తితే "సూపర్" అని కాదు, "పైకి పోదాం" అని. మనవాళ్ళు ఫొటో కోసం బొటనవేలు చూపిస్తారు, ఇన్‌స్ట్రక్టర్ పాపం పైకి తీసుకొచ్చేస్తాడు. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

చవకగా ఒకసారి చూద్దాం అనుకుంటే: నేత్రాణి

కర్ణాటక తీరంలో మురుడేశ్వర్ నుంచి దాదాపు 19 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో ఉన్న చిన్న దీవి. విమానం అక్కర్లేదు. అనంతపురం నుంచి బళ్ళారి, హుబ్లీ మీదుగా కారులో 500 కిలోమీటర్ల పైచిలుకు. కర్నూలు, కడప వాళ్ళకు కాచిగూడ నుంచి మంగళూరు పోయే వారానికి రెండు రోజుల ఎక్స్‌ప్రెస్‌ను 2024లో మురుడేశ్వర్ దాకా పొడిగించారు, అది మీ ఊళ్ళ మీదుగానే పోతుంది, కాకపోతే తమిళనాడు, కేరళ అంతా చుట్టి పోతుంది కాబట్టి ఒక రోజుకు పైనే కూర్చోవాలి. రైలు రోజులు, టైమ్‌లు బుక్ చేసేముందు ఒకసారి చూసుకోండి.

ఒడ్డు నుంచి పడవలో గంట, గంటన్నర. వాంతులు అయ్యేవాళ్ళు ముందే డాక్టర్ని అడిగి మాత్ర వేసుకోవాలి, పడవ ఎక్కాక వేసుకుంటే లాభం లేదు. మంచి రోజున నీళ్ళు బాగా కనిపిస్తాయి, చేపలు గుంపులు గుంపులుగా ఉంటాయి. ట్రై డైవ్‌కు పడవ ప్రయాణం, ఫొటోలు కలిపి సుమారు అయిదారు వేలు. సీజన్ అక్టోబరు నుంచి మే దాకా, వానాకాలంలో మూసేస్తారు.

ఇది రిసార్ట్ సెలవు మాత్రం కాదు. దీవిలో ఉండటానికి ఏమీ లేదు, రాత్రికి మళ్ళీ మురుడేశ్వర్ లాడ్జికే రావాలి. కానీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే దీనికి మించిన ఏర్పాటు లేదు. వాళ్ళు 123 అడుగుల శివుడి దగ్గర, ఇరవై అంతస్తుల రాజగోపురం లిఫ్ట్‌లో ఉంటారు, మీరు నీళ్ళలో ఉంటారు, మధ్యాహ్నానికి అందరూ ఒకచోట భోజనం. డైవింగ్ మన ఒంటికి పడుతుందా లేదా అని పరీక్ష చేసుకోడానికి ఇంతకన్నా తక్కువ ఖర్చు దారి సీమ నుంచి లేదు.

వైజాగ్ రుషికొండలో, పుదుచ్చేరిలో కూడా డైవింగ్ ఉంది. మునగడం ఎలా ఉంటుందో తెలుస్తుంది గానీ తూర్పు తీరంలో నీళ్ళు చాలా రోజులు మసకగా ఉంటాయి. పనిమీద వైజాగ్ పోతే చేయండి, అదే పనిగా పోవద్దు.

అండమాన్: మునగాలనుకునేవాళ్ళకు నా ఓటు దీనికే

మనలాంటి వాళ్ళకు డబ్బు, దూరం, భాష, భద్రత అన్నీ కలిపి చూస్తే అండమానే. పాస్‌పోర్ట్ అక్కర్లేదు, మనకు పర్మిట్ అక్కర్లేదు. అనంతపురం వాళ్ళకు బెంగళూరు విమానాశ్రయం హైవేలోనే దేవనహళ్ళి దగ్గర వస్తుంది, సిటీ ట్రాఫిక్‌లోకి పోయే పనే లేదు. కర్నూలు నుంచి శంషాబాద్ కూడా అదే 44వ నంబరు హైవే. కడప వాళ్ళు చెన్నై చూసుకోవడం మేలు, విమానం రెండు గంటల పైచిలుకే. పేర్లు చూసి కంగారు పడొద్దు: పోర్ట్ బ్లెయిర్‌ను 2024లో శ్రీ విజయపురం చేశారు, హేవ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ అయితే షహీద్ ద్వీప్. టికెట్లలో ఏదైనా ఉండొచ్చు, జనం నోట్లో మాత్రం పాత పేర్లే.

డైవింగ్ ఎక్కువగా హేవ్‌లాక్‌లోనే. పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రైవేటు ఫెర్రీలో గంటన్నర నుంచి రెండున్నర గంటలు. డిసెంబరు, సంక్రాంతి రోజుల్లో విమానం టికెట్ దొరికి ఫెర్రీ దొరకని వాళ్ళు కొల్లలు, కాబట్టి రెండూ ఒకే రోజు బుక్ చేయండి. ట్రై డైవ్ ఎక్కువగా నీమో రీఫ్ దగ్గర ఒడ్డు నుంచి నడుచుకుంటూ లోపలికి తీసుకెళ్ళి చేయిస్తారు, సుమారు నాలుగైదు వేలు. ఇంకో రెండు మూడు వేలు ఎక్కువైనా పడవలో తీసుకెళ్ళే డైవ్ అడగండి. లైట్‌హౌస్, అక్వేరియం లాంటి చోట్లు కొత్తవాళ్ళకు సరిపోయేంత లోతే, జనం తక్కువ, నీళ్ళు శుభ్రం. డిక్సన్స్ పిన్నకల్, జానీస్ గార్జ్ అని ఇంటర్నెట్‌లో చూసి ఆశపడేవి లోతు డైవ్‌లు, కార్డు, దాని పైన కొంత అనుభవం ఉంటేనే. ఓపెన్ వాటర్ కోర్సు సుమారు ముప్పై వేల నుంచి మొదలు.

ఒక జాగ్రత్త. మన ఊళ్ళల్లో ఏజెంట్లు అమ్మే ప్యాకేజీల్లో "స్కూబా ఫ్రీ" అని ఉంటే అది ఎక్కడ అని అడగండి. చాలాసార్లు అది పోర్ట్ బ్లెయిర్ ఎదురుగా ఉండే నార్త్ బే. పాత ఇరవై రూపాయల నోటు వెనక ఉన్న లైట్‌హౌస్ బొమ్మ అక్కడిదే, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ డైవ్ మాత్రం క్యూలో నిలబెట్టి, పది పదిహేను నిమిషాలు ముంచి, ఫొటో తీసి పంపించే రకం. అది చేసి వచ్చి "స్కూబాలో ఏముందిలే" అనేవాళ్ళను చాలామందినే చూశాను. ఎంతసేపు నీళ్ళలో ఉంచుతారు, ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది, ముందు లోతు తక్కువ నీళ్ళలో ప్రాక్టీసు ఉందా? ఈ మూడింటికీ సూటిగా జవాబు ఇవ్వని చోట కట్టొద్దు.

విశ్రాంతి సంగతికి వస్తే అండమాన్‌కు యావరేజ్ మార్కులే. రాధానగర్ బీచ్ నిజంగా గొప్పది, పొడుగాటి తెల్లటి ఇసుక, వెనక పెద్ద పెద్ద చెట్లు. కానీ ఎక్కువ రిసార్ట్‌లు ఉన్నది దీవికి అవతలి వైపు, అక్కడ ఆటు వచ్చినప్పుడు సముద్రం వెనక్కి పోయి రాళ్ళు తేలతాయి, గది ముందు సముద్రం ఉన్నా దిగలేరు. రేటుకు తగ్గ సర్వీసు ఉంటుందనీ అనుకోవద్దు. డబ్బు మామూలుగా ఉండి నిజంగా పడుకోవాలనుకుంటే నీల్‌కు పొండి: చిన్న దీవి, సైకిలు మీద తిరగొచ్చు, సాయంత్రం లక్ష్మణ్‌పూర్ బీచ్, రాత్రి ఎనిమిదికి ఊరంతా నిద్ర. కొన్ని బీచ్‌ల దగ్గర మొసళ్ళు ఉన్నాయని బోర్డులు ఉంటాయి, అవి ఊరికే పెట్టినవి కావు.

గడియారం కూడా మార్చుకోవాలి, చేతికున్నది కాదు, ఒంటికున్నది. అండమాన్ అంత తూర్పున ఉన్నా మన టైమే కాబట్టి డిసెంబరులో అయిదుకే పొద్దు గుంకుతుంది. ఆలస్యంగా లేచేవాళ్ళకు రోజు సగం మిగలదు.

తిండికి బెంగ లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్ళు చాలామంది, ముఖ్యంగా ఉత్తరాంధ్ర నుంచి పోయి స్థిరపడినవాళ్ళు, ఆటోలో తెలుగు వినపడితే ఆశ్చర్యపోవద్దు. నీళ్ళ కింద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు: 2010లో సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు బాగా తెల్లబడిపోయాయి, రంగురంగుల తోట అని పోస్టర్లలో చూసేది అన్నిచోట్లా లేదు. చేపలు మాత్రం ఉన్నాయి. గవ్వలు, పగడం ముక్కలు సంచిలో వేసుకోకండి, పగడాలు పులితో సమానంగా వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి, ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారు.

లక్షద్వీప్: ఓపిక ఉన్నవాళ్ళకు

2024 జనవరిలో ప్రధాని పోయొచ్చినప్పటి నుంచి అందరి నోటా ఇదే పేరు. నీళ్ళు చూస్తే అండమాన్ కన్నా అందంగా ఉంటాయి, అందులో సందేహం లేదు. పగడపు దిబ్బ గోడలా చుట్టూ ఉండి మధ్యలో లోతు తక్కువ లగూన్, అలలే ఉండవు, పిల్లలు, ఈత రానివాళ్ళు నడుములోతు నీళ్ళలో గంటలు గంటలు కూర్చోవచ్చు. నీళ్ళంటే భయపడే భర్తకో, భార్యకో ఇంతకన్నా మంచి చోటు లేదు. బంగారం, కద్మత్ దీవుల్లో డైవింగ్ ఉంది.

కానీ 36 దీవుల్లో మనుషులు ఉండేవి పది, టూరిస్టులను పోనిచ్చేవి ఇంకా తక్కువ, గదులు లెక్కకు కొన్ని. మన దేశమే అయినా పర్మిట్ ఉండాలి. కొచ్చి నుంచి అగత్తికి చిన్న విమానం, లేకపోతే ఓడ, ఓడ అంటే ఒక రాత్రంతా. గది దొరికితే విమానం దొరకదు, విమానం దొరికితే పర్మిట్ రాలేదంటారు. లీవులు ముందే ఖరారు చేసుకోవాల్సిన ఉద్యోగస్తులకు టెన్షన్. బంగారం తప్ప మిగతా దీవుల్లో మందు నిషేధం, కొందరికి అది ప్లస్సు, కొందరికి మైనస్సు. 2023 చివరి నుంచి 2024 దాకా సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలకు కూడా గట్టి దెబ్బే తగిలింది. లగూన్ కోసం పోతే నిరాశ ఉండదు.

మాల్దీవులు: పడుకోడానికి పుట్టిన చోటు

ఇక్కడ మనవాళ్ళు ఖర్చు లెక్క తప్పేది ఎక్కడో చెప్తాను. విమానం టికెట్ చూసి "అరే, అండమాన్ రేటే కదా" అంటారు. నిజమే, బెంగళూరు నుంచి మాలేకు రెండు గంటలే, మనవాళ్ళకు వీసా దిగాక ఫ్రీగా ఇస్తారు, బయల్దేరేముందు నాలుగు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపితే చాలు. అసలు కథ మాలేలో దిగాక మొదలవుతుంది. ఒక్కో రిసార్ట్ ఒక్కో దీవి. అక్కడికి పోవాలంటే స్పీడ్‌బోట్, దూరమైతే సీప్లేన్ (నీళ్ళ మీద దిగే చిన్న విమానం), దానికి రానూపోనూ మనిషికి మూడు నాలుగు వందల డాలర్ల పైనే. సీప్లేన్ చీకట్లో ఎగరదు, కాబట్టి మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి మాలే దగ్గర ఇంకో హోటల్ ఖర్చు. తర్వాత పన్నులు, సర్వీస్ ఛార్జీ, దీనిపైన మనిషికి రోజుకు ఇంత అని గ్రీన్ ట్యాక్స్. ఇవన్నీ కలిపాక ఎంత అని అడిగి, ఆ అంకెనే పోల్చుకోండి.

భోజనం ప్లాన్ ఇంకా ముఖ్యం. బ్రేక్‌ఫాస్ట్ ఒక్కటే ఉన్న రేటు చూసి సంబరపడితే, దీవిలో ఇంకో హోటల్ ఉండదు, మధ్యాహ్నం ఒక ప్లేటు నూడుల్స్‌కు వాళ్ళు చెప్పిందే ధర. ఫుల్ బోర్డ్ (మూడు పూటల తిండి కలిపి) తీసుకోండి, మందు తాగేవాళ్ళయితే ఆల్ ఇన్‌క్లూజివ్ (తాగేవి కూడా కలిపి). శాకాహారులు ముందే మెయిల్ పెట్టాలి. తిండి చప్పగా ఉంటుంది, కారం పొడి, శనగపొడి సీసాలు పెట్టుకుని పొండి. మందు మాత్రం బయటి నుంచి తేనివ్వరు, పూజ కోసం దేవుడి విగ్రహాలు కూడా కస్టమ్స్‌లో ఆపేస్తారు. బ్యాగులో చిన్న వినాయకుణ్ణి పెట్టుకునే అలవాటున్న అమ్మలు, అత్తలు ఇది గమనించాలి.

మరి అంత పెట్టడం దేనికి? ఏమీ చేయకుండా ఉండటానికి ఇంతకన్నా బాగా అమర్చిన చోటు నాకు తెలియదు కాబట్టి. గదిలోంచి నిచ్చెన దిగితే నీళ్ళు. ఎవరూ అరవరు. రిసార్ట్ ఎంచుకునేటప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఊయల కాదు, "హౌస్ రీఫ్ (రిసార్ట్ దీవి చుట్టూ ఉండే పగడపు దిబ్బ) ఎంత దూరం" అని అడగండి. రీఫ్ గోడ ఒడ్డుకు దగ్గరగా ఉన్న దీవుల్లో స్నోర్కెల్ (నీళ్ళ పైనుంచి ఊపిరి పీల్చే గొట్టం) పెట్టుకుని ఈదితే చాలు, చిన్న సొరచేపలు, తాబేళ్ళు కనిపిస్తాయి, స్కూబా ఖర్చే అక్కర్లేదు. నీటి మీద కట్టిన విల్లాలు చాలావాటి కింద ఉత్త ఇసుకే ఉంటుంది, ఫొటోకు బాగుంటుంది అంతే.

పెద్ద డైవింగ్ కూడా ఇక్కడే ఉంది, మంటా రేలు (రెక్కలు చాపినట్టుండే పెద్ద బల్లపరుపు చేపలు), దక్షిణ ఆరి అటోల్ అనే దీవుల గుంపులో తిమింగల సొరచేపలు. కానీ మంచి డైవ్‌లు చాలావరకు దీవుల మధ్య కాలువల్లో, ప్రవాహం లాగేస్తుంది, కొత్తవాళ్ళకు పనికిరావు. ఒక్కో డైవ్‌కు రిసార్ట్‌లో అండమాన్ ట్రై డైవ్‌కన్నా ఎక్కువే పడుతుంది. కార్డు లేకుండా డైవింగ్ కోసమని మాల్దీవులు పోవడం నా దృష్టిలో డబ్బు దండగ. తమాషా ఏంటంటే మంటాలకు పేరుపడ్డ హనీఫారు బేలో స్కూబాకే అనుమతి లేదు, స్నోర్కెల్ ఒక్కటే.

డబ్బు తక్కువైతే మాఫుషి, ధిగురా లాంటి లోకల్ దీవుల్లో గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయి. మామూలు హోటల్ రేట్లకే గది, ఫెర్రీలో పోవచ్చు, డైవ్ సెంటర్లు ఉన్నాయి. అక్కడ మందు ఉండదు, బికినీ బీచ్ అని గుర్తు పెట్టిన చోట తప్ప నిండుగా బట్టలేసుకోవాలి. మనవాళ్ళకు ఇది ఇబ్బందే కాదు, మన ఆడవాళ్ళు ఎక్కువమంది చుడీదార్‌తోనే నీళ్ళలో దిగుతారు. మొగుడు డైవర్, పెళ్ళానికి పుస్తకం, నీడ కావాలి అన్న జంటకు ధిగురా లాంటి దీవి రెండూ ఇస్తుంది. ఇద్దరికీ కార్డు లేకపోతే నీల్, హేవ్‌లాక్ చెరి రెండు రాత్రులు మేలు.

థాయ్‌లాండ్‌లో కో తావ్ గురించి కూడా అడుగుతుంటారు. కుర్రాళ్ళు నలుగురు కలిసి కోర్సు చేయడానికి చవకైన చోటే, కానీ రెండు విమానాలో, విమానం తర్వాత బస్సు, పడవో తప్పవు. వారం కన్నా తక్కువ సెలవుంటే వద్దు.

మన సెలవులు, వాళ్ళ సీజన్

ఇదే చాలామంది చూడని లెక్క. సంక్రాంతి సెలవులకు పైన చెప్పినవన్నీ బాగుంటాయి, రేట్లు కూడా అలాగే మండుతాయి. ఉగాది చుట్టుపక్కల, అంటే మార్చి, ఏప్రిల్‌లో అండమాన్ సముద్రం పలక మీద గీత గీసినట్టు చదునుగా ఉంటుంది, నన్నడిగితే డైవింగ్‌కు అదే ది బెస్ట్, పరీక్షల టైమ్ కాబట్టి జనమూ తక్కువ. వేసవి సెలవులకు పోవాలంటే మే మొదటివారంలోపు ముగించేయండి, నెల మధ్య నుంచి వానలు. దసరా సెలవులు కష్టం: అండమాన్‌లో వానలు వెళ్ళీ వెళ్ళని రోజులు, బంగాళాఖాతంలో తుపాన్ల కాలం, ఫెర్రీలు ఆగిపోతాయి. దసరాకు పోవాల్సిందే అంటే మాల్దీవులకు పొండి, వానలు పడినా రేటు తక్కువ, మంటాలు కనిపించే కాలం కూడా అదే. అక్కడ ఎండ ఖాయంగా కావాలంటే జనవరి నుంచి ఏప్రిల్ దాకా.

బుక్ చేసేముందు

డైవ్ సెంటర్ వాళ్ళు ఒక మెడికల్ ఫారం ఇస్తారు. ఉబ్బసం, గుండె జబ్బు, బీపీ, షుగరు, చెవి ఆపరేషన్, ఫిట్స్, వీటిల్లో ఏదైనా "అవును" అయితే డాక్టర్ సంతకం కావాలి. దీవికి పోయాక ఆ ఫారం చూసి, అన్నిటికీ "కాదు" అని టిక్కు పెట్టేవాళ్ళే ఎక్కువ. ఆ ఫారం ముందే మెయిల్‌లో తెప్పించుకుని మీ ఊళ్ళోనే డాక్టర్‌కు చూపించండి. గర్భిణులకు అస్సలు వద్దు. జలుబు ఉంటే ఆ రోజు మానేయండి, చెవిలో ఒత్తిడి సర్దుకోక కర్ణభేరి దెబ్బతినొచ్చు. జలుబు లేనప్పుడు కూడా దిగుతూ ప్రతి మీటరుకూ ముక్కు పట్టుకుని మెల్లగా ఊదాలి, నొప్పి మొదలయ్యాక కాదు, ముందే. కళ్ళజోడు ఉన్నవాళ్ళు పవర్ మాస్క్ ఉందా అని అడగండి, చాలాచోట్ల ఉంటుంది.

ఇక రోజుల వరుస. డైవింగ్ ముందు, విశ్రాంతి తర్వాత పెట్టుకోండి. ఒక్క డైవ్ చేస్తే విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు, రెండు మూడు డైవ్‌లు చేస్తే 18 గంటలు ఆగాలి, లేకపోతే ఒంట్లో చేరిన నైట్రోజన్ బుడగలై కీళ్ళు, నరాలు దెబ్బతినొచ్చు. ఏజెంట్ల ప్లాన్లలో డైవ్ చివరి రోజుకు ముందు సాయంత్రం పెట్టి మర్నాడు పొద్దున్నే విమానం వేస్తుంటారు, అది మార్పించండి. నేత్రాణికి కారులో పోయేవాళ్ళకూ ఇది వర్తిస్తుంది, ఇది ఎవరూ చెప్పరు. విమానమే కాదు, ఘాట్ ఎక్కినా ఎత్తే కదా. హుబ్లీ సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది, డైవర్లు ఎత్తు గురించి ఆలోచించడం మొదలయ్యేది దాదాపు ఆ లెక్క దగ్గరే. కాబట్టి మధ్యాహ్నం డైవ్ చేసి సాయంత్రమే స్టీరింగ్ పట్టుకోకుండా, ఆ రాత్రి మురుడేశ్వర్‌లోనే పడుకుని మర్నాడు పొద్దున తీరిగ్గా బయల్దేరండి.